అరెస్టు కాగితం మీద ఎవరి సంతకం?

2025 నవంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఎవరినైనా అరెస్టు చేస్తే ఎందుకు అరెస్టు చేస్తున్నారో కాగితం మీద రాసి, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని చెప్పింది. ఏ నేరమైనా సరే ఇది తప్పదంది. అప్పటికప్పుడు రాసివ్వడం కుదరని పరిస్థితి ఉంటే ముందు నోటితో చెప్పవచ్చు. కానీ మేజిస్ట్రేటు ముందు నిలబెట్టడానికి కనీసం రెండు గంటల ముందు ఆ కాగితం అతని చేతిలో ఉండాలి. లేకపోతే ఆ అరెస్టు చెల్లదు, రిమాండూ చెల్లదు.

ఈ తీర్పు ముంబైలో ఖరీదైన కారు ఢీకొట్టి ఒక మహిళ మరణించిన కేసులో వచ్చింది. అరెస్టయిన యువకుడిది డబ్బున్న కుటుంబం. మన దేశంలో నిందితుల హక్కుల చరిత్ర చూస్తే ఇలాంటి విడ్డూరం చాలాసార్లు కనిపిస్తుంది. పోలీసుల ప్రశ్నలకు జవాబివ్వకుండా మౌనంగా ఉండే హక్కు గురించి జస్టిస్ కృష్ణయ్యర్ 1978లో రాసిన తీర్పు ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పతి కేసులోనిది. పెద్ద లాయరును పెట్టుకుని ఢిల్లీ దాకా వెళ్లగలిగినవారు తెచ్చుకున్న హక్కులవి. కానీ వాటి అవసరం ఎక్కువగా పడేది కూలివాళ్లకు, వంటమనుషులకు, ఆటో నడిపేవారికి, రాత్రి కాపలా ఉండే వాచ్‌మన్‌కు. వారి దగ్గరికి ఆ తీర్పు చేరేసరికి సగం అరిగిపోయి ఉంటుంది, లేదా అసలు చేరదు. ఈ వారం దీని గురించి రాయాలని మేము అనుకోవడానికి కారణం అదే. మన సంఘాల్లో ఆదివారం కింద చాపల మీద కూర్చునేవారిలో ఎక్కువమంది ఈ రెండో వర్గంవారే.

ముందు ఒక మాట సంగతి చూద్దాం. పత్రికల్లో, టీవీల్లో రోజూ వింటుంటాం: "పోలీసులు అదుపులోకి తీసుకుని విచారిస్తున్నారు." ఈ "అదుపులోకి తీసుకోవడం" అంటే ఏమిటి? అరెస్టా? కాదంటారు. మరి ఆ మనిషి లేచి ఇంటికి వెళ్లిపోవచ్చా? కుదరదంటారు. చట్టంలో ఇలాంటి మధ్యస్థితి లేదు. పోలీసు పిలుపు మీద స్వేచ్ఛగా వచ్చినవాడు స్వేచ్ఛగా వెళ్లిపోవచ్చు. వెళ్లనివ్వకపోతే అది అరెస్టే. మనిషిని కదలనివ్వకుండా ఆపిన క్షణం నుంచే గడియారం తిరుగుతుందని కోర్టులు పలుమార్లు చెప్పాయి. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఈ "అదుపు" అనే మాట పుట్టింది ఆ గడియారాన్ని ఆపడానికే. మూడు రోజులు స్టేషన్‌లో ఉంచి, నాలుగో రోజు ఉదయం బస్టాండు దగ్గర "అనుమానాస్పదంగా తిరుగుతుండగా" పట్టుకున్నట్టు రాసిన కథలు కోర్టులకు కొత్త కాదు.

2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అంకెలు మారాయి, చాలావరకు సరుకు పాతదే. పాత 41ఏ నోటీసు ఇప్పుడు 35వ సెక్షన్ మూడో ఉపవిభాగం. ఏడేళ్లకు మించని శిక్ష పడే నేరాల్లో పోలీసులు కారణాలు రాయకుండా అరెస్టు చేయకూడదు, ముందు నోటీసు ఇచ్చి పిలవాలి. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది ఈ సంగతే. ఆ నోటీసు వాట్సాప్‌లో పంపితే సరిపోదని 2025లో మళ్లీ చెప్పింది. ఇక సాక్షిగా పిలిచే విషయంలో 179వ సెక్షన్ ఉంది. స్త్రీలను, 15 ఏళ్లలోపు బాలురను, 60 ఏళ్లు దాటిన పురుషులను, వికలాంగులను, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారిని వాళ్లు నివసించే చోటే ప్రశ్నించాలి. స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టకూడదు. స్త్రీని సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితుల్లో తప్పదనుకుంటే మహిళా పోలీసు అధికారి ఉండాలి, మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి.

ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి. 2021 జూన్‌లో కూడా, పాత నంబర్లతో, ఇంచుమించు ఇలాగే ఉన్నాయి. ఆ నెలలో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు పోలీస్ స్టేషన్‌లో ఏం జరిగిందో పాఠకుల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చర్చి ఫాదర్ ఇంట్లో వంట చేసే ఒక దళిత మహిళ మీద దొంగతనం ఆరోపణ వచ్చింది. పోయిందన్న డబ్బు సుమారు రెండు లక్షలు. పోలీసులు ఆమెను ఖమ్మం జిల్లా నుంచి తీసుకొచ్చారు. ఆమె కొడుకునూ తెచ్చారు. జూన్ 18న ఆమె చనిపోయింది. స్పృహతప్పి పడిపోతే ఆస్పత్రికి తీసుకెళ్లామని పోలీసులు అన్నారు. కొట్టి చంపారని కుటుంబం అన్నది. పౌరహక్కుల సంఘం వెళ్లి తలుపు తడితే, పాతిపెట్టిన మృతదేహాన్ని బయటికి తీసి రెండోసారి పోస్టుమార్టం చేయాలని తెలంగాణ హైకోర్టు ఆదేశించింది. ఆ తర్వాత ఒక ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగం నుంచే తొలగించారు. ప్రభుత్వం కుటుంబానికి పరిహారం ప్రకటించింది.

ఇంట్లో పనిచేసేవారు దొంగతనం చేశారనే నేరానికి చట్టంలో గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. అంటే అది నోటీసు ఇచ్చి పిలవాల్సిన కేసు. ఒక కాగితం ముక్క, ఒక మహిళా కానిస్టేబుల్, ఆమె ఉన్న ఊళ్లోనే నాలుగు ప్రశ్నలు. చట్టం అడిగింది అంతే.

డబ్బు పోతే ఫిర్యాదు చేయడం తప్పని మేము అనడం లేదు. చర్చి ఆస్తి పోయినా, కాపరి ఇంట్లో సొమ్ము పోయినా పోలీసుల దగ్గరికి వెళ్లడం పౌరుడికి ఉన్న దారి. కానీ ఫిర్యాదు ఇచ్చిన తర్వాత జరిగేదానికీ మనకూ సంబంధం లేదని చేతులు కడుక్కోవచ్చా? పిలాతు కడుక్కున్నాడు. సంఘం నుంచి ఒక అనుమానితుడి పేరు స్టేషన్‌కు వెళ్లినప్పుడు ఆ మనిషి కూడా ఆ సంఘంలోని మనిషే అయి ఉండవచ్చు. వంటమనిషి, స్వీపరు, హాస్టల్ వార్డెన్, మైకు సెట్టు చూసుకునే కుర్రాడు. ఫిర్యాదుదారు ఎస్సైగారికి ఒక్క ఫోను చేసి "విచారించండి గాని చెయ్యి చేసుకోవద్దు, ఆడమనిషిని రాత్రిపూట ఉంచొద్దు" అంటే చాలాచోట్ల ఆ మాటకు విలువ ఉంటుంది. "కాస్త గట్టిగా అడగండి సార్, అదే బయటికొస్తుంది" అన్న మాటకూ అంతే విలువ ఉంటుంది. ఈ రెండో మాట మన పెద్దల నోట వినబడదని ఎవరూ అనలేరు.

2025 జూలైలో ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ రైల్వే స్టేషన్‌లో ఇద్దరు కేరళ సిస్టర్లను అరెస్టు చేసినప్పుడు దేశమంతా సంఘాలు ఊరేగింపులు తీశాయి. తీయాల్సిందే. వారం దాటాక వారికి బెయిలు వచ్చింది. ఆ సిస్టర్లకు అండగా నిలిచిన 22వ అధికరణమే అడ్డగూడూరు వంటమనిషికీ అండ కావాలి. మనవారు లోపల ఉన్నప్పుడు ఒక కొలత, మనం ఫిర్యాదుదారులుగా ఉన్నప్పుడు మరొక కొలత వాడితే ఆ ఊరేగింపులకు ఏం అర్థం ఉంటుంది?

ఇక ప్రశ్నించే గదిలోకి వెళ్దాం. రాజ్యాంగం 20వ అధికరణం మూడో క్లాజు ప్రకారం నేరారోపణ ఉన్న ఎవరినీ తనమీద తనే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదు. సురక్షా సంహిత 180వ సెక్షన్ కూడా అదే చెబుతుంది: పోలీసు అడిగినవాటికి నిజమే చెప్పాలి, కానీ తనను నేరంలో ఇరికించే ప్రశ్నకు జవాబు చెప్పనక్కర్లేదు. ఇది అబద్ధమాడే హక్కు కాదు, మౌనంగా ఉండే హక్కు. ఆ స్టేట్‌మెంటు మీద సంతకం పెట్టించుకోకూడదని తర్వాతి సెక్షన్ చెబుతుంది. ప్రశ్నించే సమయంలో తనకు నచ్చిన లాయరును కలుసుకునే హక్కు 38వ సెక్షన్‌లో ఉంది. విచారణ జరిగినంతసేపూ లాయరు పక్కనే కూర్చోవడానికి మాత్రం అది వీలు ఇవ్వదు. ఇది పెద్ద లోటని మా అభిప్రాయం. చేయి లేచేది లాయరు బయటికి వెళ్లాకే కదా.

యోహాను సువార్త 18వ అధ్యాయంలో అన్న ఎదుట జరిగిన విచారణను మనం శ్రమదినాల్లో ఎన్నోసార్లు చదివాం. ఆయన శిష్యుల గురించి, బోధ గురించి ప్రధానయాజకుడు అడిగితే ప్రభువు, నన్నెందుకు అడుగుతావు, విన్నవారిని అడుగు అన్న భావంతో జవాబిచ్చారు. అంటే సాక్షులను పిలవమన్నారు. వెంటనే బంట్రౌతు ఒకడు చెంప మీద కొట్టాడు. నేను చెప్పినదాంట్లో తప్పుంటే చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావని ఆయన అడిగారు. ఇది ఓర్పు గురించిన ప్రసంగాల్లోకే ఎక్కువగా వస్తుంది. కానీ అక్కడ ఉన్నది అధికారిని నిలదీసే ప్రశ్న. అపొస్తలుల కార్యములు 22లో పౌలు విషయంలోనూ అంతే. పై అధికారి ఆయనను కొరడాలతో కొట్టి నిజం రాబట్టమన్నాడు. కట్లు కడుతుండగా పౌలు ప్రార్థన చేస్తూ ఊరుకోలేదు. శిక్ష విధించకుండానే రోమా పౌరుణ్ణి కొట్టడం చట్టమేనా అని శతాధిపతిని అడిగాడు. చట్టం పేరెత్తడం విశ్వాసం తగ్గడం కాదని చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

"నిందితుడు నేరం ఒప్పుకున్నాడు." ఇది మరో రోజువారీ శీర్షిక. ముఖానికి గుడ్డ కట్టిన కుర్రాళ్లను వరుసగా నిలబెట్టి, ముందు బల్ల మీద సెల్‌ఫోన్లు, బంగారు గొలుసులు పేర్చి పెట్టే ప్రెస్‌మీట్లు అందరం చూస్తూనే ఉంటాం. పోలీసు ముందు చేసిన ఒప్పుకోలుకు కోర్టులో విలువ లేదు. బ్రిటిషువారి కాలం నుంచీ లేదు, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్‌లోనూ లేదు. తెల్లదొరలే తమ పోలీసులను నమ్మలేదన్నమాట. మరి విలువలేని ఒప్పుకోలు కోసం ఎందుకు కొడతారు?

దానికి జవాబు ఆ సెక్షన్ చివర ఉన్న మినహాయింపులో ఉంది. కస్టడీలో ఉన్నవాడు చెప్పిన సమాచారం వల్ల ఏదైనా వస్తువో, విషయమో బయటపడితే, దానికి నేరుగా సంబంధించినంత మేరకు ఆ మాట సాక్ష్యమవుతుంది. దీని హద్దు ఎక్కడో తేల్చింది మన తెలుగునేల కేసే. గుంటూరు సెషన్స్ కోర్టులో మొదలై లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసు అది. స్వాతంత్ర్యానికి కొద్దిగా ముందు తీర్పు వచ్చింది. ఫలానా చోట కత్తి దాచానని చెప్పి చూపిస్తే, దాచిన సంగతి అతనికి తెలుసన్నంత వరకే సాక్ష్యం. ఆ కత్తితోనే పొడిచానన్న మాట కోర్టులోకి రాదు. ఎనభై ఏళ్లుగా దేశమంతటా జడ్జీలు ఈ గీతనే పట్టుకుని నడుస్తున్నారు. కానీ ఆ గీతకు ఇవతల పోలీసుకు "రికవరీ" అనే పని మిగిలింది. సొత్తు దొరికితే కేసు నిలుస్తుంది, పైఅధికారి మెచ్చుకుంటాడు, ఫిర్యాదుదారు దండం పెడతాడు. లాకప్పుల్లో దెబ్బలు తినేవారిలో దొంగతనం కేసులవాళ్లు ఇంతమంది ఉండడానికి ఇదొక పెద్ద కారణమని మేము భావిస్తున్నాం. 2023లో మెదక్‌లో గొలుసు దొంగ అన్న అనుమానంతో పట్టుకెళ్లిన మనిషిని తర్వాత వదిలేశారు. కొన్నాళ్లకు ఆయన ఆస్పత్రిలో చనిపోయాడు. స్టేషన్‌లో కొట్టారని కుటుంబం చెప్పింది, హైకోర్టు తనంతట తానే ఆ విషయాన్ని చేపట్టింది.

పోలీసుల వైపు నుంచి చెప్పే మాట కూడా వినాలి. ఒక స్టేషన్‌లో ఉండే సిబ్బంది ఎంత? బందోబస్తు, వీఐపీలు, కోర్టు డ్యూటీ, పండుగలు పోను దర్యాప్తుకు మిగిలేది ఎంత? వేలిముద్రలకు, ఫోరెన్సిక్ రిపోర్టుకు నెలలు పడుతుంటే పైనుంచి మూడు రోజుల్లో తేల్చమంటారు. ఇది నిజమే. మన సంఘాల్లో కానిస్టేబుళ్లు ఉన్నారు, ఎస్సైలు ఉన్నారు, వారి కుటుంబాలు ఉన్నాయి. ఎవరినీ కొట్టకుండా ముప్పై ఏళ్ల సర్వీసు ముగించినవారు కూడా వారిలో ఉన్నారు. కానీ లాఠీ దర్యాప్తుకు అడ్డదారి అనుకోవడం పొరపాటు. అది దర్యాప్తును ఆపేస్తుంది. దెబ్బలకు ఓర్వలేక ఎవరో ఒకరు ఒప్పుకున్నాక అసలు దొంగను వెతకడానికి ఎవరూ వెళ్లరు. ఒప్పించడం కోసం గాయపరిస్తే ఏడేళ్లు, తీవ్రంగా గాయపరిస్తే పదేళ్ల దాకా జైలని న్యాయ సంహిత 120వ సెక్షన్ చెబుతోంది. హింసను నిషేధించే ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద మన దేశం 1997లో సంతకం చేసింది, కానీ దాన్ని ఆమోదించి చట్టం చేయలేదు. చేయమని లా కమిషన్ 2017లో సిఫారసు చేసింది. ఏ పార్టీ ప్రభుత్వానికీ తొందర లేదు.

కొత్త చట్టంలో ఒక మార్పు మాకు ఆందోళన కలిగిస్తోంది. పాత పద్ధతిలో పోలీసు కస్టడీ అంటే మొదటి 15 రోజుల్లోనే. ఇప్పుడు 187వ సెక్షన్ ప్రకారం ఆ 15 రోజులను ముక్కలు ముక్కలుగా, నేరాన్ని బట్టి మొదటి 40 లేదా 60 రోజుల్లో ఎప్పుడైనా అడగవచ్చు. జైల్లో కాస్త కుదురుకున్న మనిషిని నెల దాటాక మళ్లీ స్టేషన్‌కు తీసుకెళ్లవచ్చన్నమాట. మేజిస్ట్రేటు దగ్గర నోరు విప్పి దెబ్బల గురించి చెబితే మళ్లీ వాళ్ల చేతిలోనే పడతానన్న భయం ఒక్కటి చాలు, నోరు మూయించడానికి.

ఇప్పుడు శీర్షికలో అడిగిన ప్రశ్న. 1986లో పశ్చిమ బెంగాల్ న్యాయ సహాయ సంస్థకు చెందిన డి.కె. బసు లాకప్ మరణాల గురించి సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం పదేళ్ల తర్వాత, 1996 డిసెంబరులో, 11 నిబంధనలుగా తిరిగొచ్చింది. వాటిలో చాలావరకు ఇప్పుడు చట్టంలోకి ఎక్కాయి. అరెస్టు చేసేచోటే ఒక మెమో రాయాలి. అందులో తేదీ, సమయం ఉండాలి. కుటుంబ సభ్యుడు గాని, ఆ ప్రాంతంలో గౌరవం ఉన్న వ్యక్తి గాని సాక్షిగా సంతకం చేయాలి. అరెస్టయిన మనిషి కూడా సంతకం పెట్టాలి.

పల్లెల్లో, బస్తీల్లో ఆ "గౌరవం ఉన్న వ్యక్తి" ఎవరు? చాలాసార్లు పాస్టరుగారో, సంఘ పెద్దో. "ఇక్కడొక సంతకం పెట్టండి పాస్టరుగారూ, ఫార్మాలిటీయే" అని స్టేషన్ రైటర్ కాగితం చాపుతాడు. ఆ సంతకం మంగళవారం పట్టుకెళ్లిన మనిషిని శుక్రవారం పట్టుకున్నట్టు చేయగలదు. కాబట్టి ఖాళీ కాగితం మీద పెట్టకూడదు. సమయం వేయని మెమో మీద పెట్టకూడదు. కళ్లతో చూసినదానికి తప్ప పెట్టకూడదు. సమయం తప్పుగా ఉంటే అసలు సమయం తన చేతిరాతతో రాసి దాని కింద సంతకం చేయవచ్చు. ఎస్సైగారితో ఉన్న పరిచయం చెడుతుందని కొందరు జంకుతారు. రేపు చర్చి పండుగకు మైకు పర్మిషన్ కావాలి గదా! ఆ జంకు మాకు అర్థమవుతుంది. దాని ఖరీదు చెల్లించేది మాత్రం లాకప్పులో ఉన్నవాడు.

లాయరుకు డబ్బు లేదన్నది మరో అడ్డంకి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, 15100కు ఫోను చేయవచ్చు. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఆ హక్కు ఉంది. ఇక్కడ మనవాళ్లలో ఒక అనుమానం ఉంది. క్రైస్తవులైన దళితులను మన రాష్ట్రాల్లో బీసీ-సీగా లెక్కిస్తారు కనుక తమకు వర్తించదేమో అనుకుంటారు. కస్టడీలో ఉన్న ప్రతి వ్యక్తికీ, కులం ఏదైనా, ఆదాయం ఎంతైనా, అదే చట్టం ఉచిత న్యాయ సహాయం ఇస్తుంది. కుల ధ్రువపత్రం చూపించమని ఎవరూ అడగకూడదు. అరెస్టు సంగతి ఎవరికి చెప్పాలో ఎంచుకునే హక్కు కూడా అరెస్టయిన మనిషిదే. బంధువు కావచ్చు, స్నేహితుడు కావచ్చు, కాపరి కావచ్చు. ఆ ఫోను అర్ధరాత్రి వస్తే ఎత్తేవారు ఉండాలి. ప్రతి సంఘంలో ఒక లాయరు నంబరు, బండి ఉన్న ఇద్దరు యువకుల నంబర్లు నోటీసు బోర్డు మీద ఉంటే అది పెద్ద ఖర్చు కాదు.

అరెస్టయిన వెంటనే డాక్టరు పరీక్ష చేయాలి, కస్టడీలో ఉన్నంతకాలం 48 గంటలకోసారి చేయాలి. డాక్టరు ముందు చొక్కా విప్పి దెబ్బలు చూపించమని, మేజిస్ట్రేటు ముందు భయపడకుండా చెప్పమని ఆ మనిషికి ఎవరైనా చెప్పగలిగితే మేలు. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ప్రతి స్టేషన్‌లోనూ గుమ్మం నుంచి లాకప్ దాకా, అధికారుల గదుల్లో కూడా సీసీ కెమెరాలు పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. రికార్డింగును 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది దాచాలంది. దెబ్బలు తిన్నవారికి ఆ రికార్డింగు ప్రతి అడిగే హక్కు ఉంది. అయినా కెమెరాలు పనిచేయని స్టేషన్ల సంగతి 2025లో మళ్లీ అదే కోర్టు ముందుకు వచ్చింది. అందుకే అడిగేవారు మొదటి వారంలోనే, తేదీ, సమయం రాసి, దరఖాస్తు ఇచ్చి, రెండో ప్రతి మీద స్టేషన్ ముద్ర వేయించుకోవాలి. తీసుకోకపోతే అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో ఎస్పీకి గాని కమిషనరుకు గాని పంపి, ఆ రసీదును లాయరుకు ఇవ్వాలి.